ఎస్పెరాంటో భాషలో బహువచనము

ఎస్పెరాంటో, ఎల్.ఎల్. జామెన్‌హాఫ్ రూపొందించి 1887లో వార్సా నగరంలో ప్రకటించిన కృత్రిమ భాష. ఇందులో నామవాచకాల బహువచనానికి ఒకే ప్రత్యయం ఉంది. దానిని రోమన్ లిపిలో "జె" అక్షరంతో వ్రాసి "య్" అని పలుకుతారు.

నామవాచకము

ఏకవచన నామవాచకాలన్నీ "ఒ"కారాంతాలు. వాటికి "య్" చేర్చితే బహువచనం ఏర్పడుతుంది.
* లిబ్రొ (పుస్తకము) – లిబ్రొయ్ (పుస్తకాలు)
* అమికొ (మిత్రుడు) – అమికొయ్ (మిత్రులు)

తెలుగులో ఇల్లు–ఇళ్ళు, గుర్రము–గుర్రాలు అన్నట్లుగా మూలపదం మారదు. కర్మను సూచించే "న్" ప్రత్యయం బహువచన ప్రత్యయం తరువాత వస్తుంది: లిబ్రొయ్న్ (పుస్తకాలను).

విశేషణము, క్రియ

తెలుగులో "మంచి పుస్తకము", "మంచి పుస్తకాలు" అన్నప్పుడు విశేషణం మారదు. ఎస్పెరాంటోలో మారుతుంది: బొన లిబ్రొ – బొనయ్ లిబ్రొయ్. అందువల్ల పదాల వరుస మారినా, ఏ విశేషణం ఏ నామవాచకానికి చెందినదో చాలావరకు తెలుస్తుంది. క్రియకు మాత్రం వచనభేదం లేదు: ల బిర్దొ ఫ్లుగస్ (పక్షి ఎగురుతుంది), ల బిర్దొయ్ ఫ్లుగస్ (పక్షులు ఎగురుతాయి).

వివాదము

విశేషణానికి కూడా ప్రత్యయం చేర్చడం అనవసర భారమని కొందరు విమర్శించారు. 1894లో జామెన్‌హాఫ్ స్వయంగా దీనిని తొలగించి, నామవాచక బహువచనాన్ని "ఇ"కారాంతం చేయాలని ప్రతిపాదించగా, ఓటింగులో మెజారిటీ సంస్కరణలను తిరస్కరించింది. 1907లో వెలువడిన ఇడో భాష ఈ రెండు మార్పులనూ స్వీకరించింది: బొన లిబ్రి (మంచి పుస్తకాలు). ఆ చీలిక తరువాత కూడా ఎస్పెరాంటో వాడుకరులు "య్" ప్రత్యయాన్నే నిలుపుకున్నారు.