నిబంధనలకు లోబడి

కవిత ఇరవై అయిదు పంక్తులు మించరాదు. యూనికోడ్‌లోనే పంపాలి. ఫేస్‌బుక్‌లో గానీ వాట్సాప్ సమూహాల్లో గానీ కనిపించి ఉండకూడదు. కలం పేరు ఉన్నా అసలు పేరు, ఫోటో, చిరునామా, ఫోన్ నంబరు తప్పనిసరి. సొంత రచనేనని హామీపత్రం జతచేయాలి. అసభ్యతకు తావుండకూడదు. న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు.

అంతర్జాలంలో కవితల పోటీ ప్రకటన ఏది తెరిచినా దాదాపు ఇదే వరస. కాపీలను ఆపడానికీ, వచ్చిపడే కవితలను సర్దుకోవడానికీ కొన్ని నియమాలు కావలసిందే. వాటితో నాకు పేచీ లేదు. కవిత చదవకముందే తీర్పు చెప్పేసే నియమాలతోనే నా పేచీ అంతా. ఈమధ్య ఒక పోటీలో నేనెరిగిన ఒకమ్మాయి కవితను, పంక్తులు ఇరవై ఏడయ్యాయని పక్కన పెట్టేశారు. ఫోన్లో టైపు చేసిన రెండు పొడుగు పంక్తులు అవతలివాళ్ల తెరమీద విరిగి నాలుగయ్యాయి. ఆ సంగతి చెప్పుకుందామంటే ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదు కదా!

తెలుగు కవిత్వానికి నియమాలు కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంది, దత్తపది ఉంది, సమస్య ఉంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరమక్షరానికీ అడ్డుపడతాడు. కానీ ఆ అడ్డు అందరి ముందూ పడుతుంది, కవి దాన్ని దాటడం సభంతా చూస్తుంది. అది కవిని ఆటలోకి దించే నియమం. అయితే ఆ సభలోకి ఎవరికి ప్రవేశం ఉండేదన్నదే అసలు ప్రశ్న.

మన ఛందోగ్రంథాలు యతిప్రాసలతో ఆగలేదు. అక్షరాలకు కులాలూ శుభాశుభాలూ కూడా అంటగట్టాయి. ఈ చదువు ఆడవాళ్లకు అందడమే గగనం. మొల్ల తన రామాయణం అవతారికలో సంధులు, రీతులు, విభక్తులు, నిఘంటువులు ఏవీ తనకు తెలియవని చెప్పుకుంది. చెప్పుకుని, పద్యకావ్యమే రాసి చూపించింది. తరిగొండ వెంగమాంబ కూడా గురువుల దగ్గర ఓనమాలైనా నేర్వలేదనే చెప్పుకుంది. పండితులు దీన్ని వినయమంటారు. నాకు మాత్రం ఇది గుమ్మం దగ్గర ఇచ్చుకున్న హామీపత్రంలా వినిపిస్తుంది.

మరి అన్ని నియమాలూ తెలిసి రాసిన స్త్రీ సంగతి? 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ రాసింది. ఛందస్సులో వంక దొరకనప్పుడు సభ్యత అనే నిబంధన ముందుకొచ్చింది. వీరేశలింగం ‘ఆంధ్ర కవుల చరిత్ర’లో ఆమె పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆడవాళ్లు వినకూడని, వాళ్ల నోట రాకూడని మాటలు రాసిందని ఈసడించాడు. అచ్చులోకి వచ్చినప్పుడు ఆమె పద్యాలు కొన్ని ఎగిరిపోయాయి. బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి పాఠాన్ని సంపాదించి 1910లో వావిళ్లవారి ద్వారా వెలువరించింది. సిగ్గూ శీలమూ ఆడవాళ్లకేనా, మగకవులకు వర్తించవా అని నిలదీసింది. దానికి జవాబుగా ప్రభుత్వ నిషేధం వచ్చింది. అది తొలగడానికి 1947 రావలసి వచ్చింది.

వచన కవిత్వం వచ్చాక యతిప్రాసల కాపలా పోయింది. సభ్యత కాపలా మాత్రం పోలేదు. 1980లలో స్త్రీలు పైట గురించీ ప్రసవం గురించీ పడకగది గురించీ రాసినప్పుడు మళ్లీ అశ్లీలమనే మాటే వినబడింది. ఆ కవిత్వం 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనంగా ఒకచోటికి చేరింది. అందులోని కవితలను ఈనాటి పోటీలకు పంపితే ఎన్ని గడప దాటుతాయో ఆలోచించండి. అసభ్యత అంటే ఏమిటో ఏ ప్రకటనలోనూ రాయరు. రాయకపోవడంలోనే దాని బలమంతా ఉంది.

మిగతా నిబంధనలు కూడా పైకి కనిపించేంత అమాయకమైనవి కావు. ఇంట్లో తెలియకుండా రాసుకునే స్త్రీకి కలం పేరు సరదా కాదు, రక్షణ. ఫోటో, చిరునామా అడిగితే ఆమె పోటీలోంచి తప్పుకుంటుంది. పత్రికల పరిచయం లేనివాళ్లు తమ గోడమీద నలుగురు స్నేహితుల కోసం కవిత పెట్టుకుంటే, పోటీ దగ్గర అది ప్రచురణ కిందికి వస్తుంది. అదే కవిని సాహిత్య చరిత్రలో చేర్చవలసి వచ్చినప్పుడు ‘ఫేస్‌బుక్ రాతలు’ అని తీసిపారేస్తాం. ఒకే కవిత అనర్హతకు ప్రచురితం, గుర్తింపుకు అప్రచురితం!

పోటీలు పెట్టేవాళ్లను నేను అడిగేది పెద్దదేమీ కాదు. ప్రతి నిబంధన పక్కనా అది ఎందుకో ఒక వాక్యం రాయండి. వివరాలు బహుమతి వచ్చినవాళ్లనే, అదీ గోప్యంగా అడగండి. తిరస్కరిస్తే కారణం చెప్పండి, జవాబు వినండి. కారణం రాయలేని నిబంధన ఏదైనా మిగిలితే, అది ఎవరిని ఆపడానికి పుట్టిందో మనకు చరిత్రే చెబుతుంది.