భయచిత్రముల పునర్నిర్మాణము

గోదావరిఖని గనులలోనికి దిగు కార్మికునికి చీకటి నిత్యపరిచితము. ఆయనను ఉలికిపడజేయునది పైకప్పునుండి వినవచ్చు కొత్త చప్పుడు. భయచిత్రములకును ఇదే న్యాయము. మరల నిర్మించిన భయచిత్రము మూలమునకు సాటి రాగలదా యను ప్రశ్నకు సమాధాన మిందే కలదు.

1993లో ఫాజిల్ దర్శకత్వమున వెలువడిన మలయాళచిత్రము ‘మణిచిత్రతాళు’. అందు గంగ యను గృహిణి, చిత్తభ్రమచే తన్ను పూర్వకాలపు నర్తకి నాగవల్లిగా తలపోయును. అప్పుడామె నోట తమిళము వెలువడును. శోభనకు జాతీయ బహుమానము తెచ్చిన పాత్ర యది. భయములో సగపాలు ఆ పరాయి పలుకులోనే యున్నది.

పి. వాసు ఈ మర్మమును గ్రహించెను. 2004 నాటి కన్నడ ‘ఆప్తమిత్ర’లో సౌందర్యచేతను, 2005 నాటి తమిళ ‘చంద్రముఖి’లో జ్యోతికచేతను తెలుగు పలికించెను. 2007 నాటి హిందీ ‘భూల్ భులయ్యా’లో ప్రియదర్శన్ వంగభాష నెన్నుకొనెను. ‘చంద్రముఖి’ తెలుగున డబ్బింగు కాగా, మన భాష మనకు వెరపు గొల్పదు గదా! అందుచే ఆ నర్తకి మరల తమిళమునే యాశ్రయించినది.

పాతమేడను, మూసిన గదిని, నాట్యమును అనుకరించుట సులభము. ఈ ప్రేక్షకుని చెవికి పరాయిదేదో కనుగొనుట కష్టము. అది కనుగొన్న పునర్నిర్మాణమే మూలముతో సరితూగును.