అమ్ముడుపోయిన ఆటగాడు

అమెరికా దేశమున బేస్‌బాల్ అను ఆట గలదు. కఱ్ఱతో బంతిని కొట్టి పరుగిడుట అందలి ముఖ్యాంశము. మన బిళ్ళంగోడు నెఱిగినవారికి ఊహించుట కష్టము గాదు.

బేబ్ రూత్ అనువాడు 1914లో బోస్టన్ నగరపు రెడ్ సాక్స్ జట్టున జేరెను. మొదట బంతి విసరుటయందును, పిమ్మట దానిని ఆవరణము దాటునట్లు కొట్టుటయందును అసమానుడయ్యెను. 1919లో అట్లు 29 మార్లు కొట్టెను. ఒక్క యేట అంతటి పని అదివఱకెవ్వరును చేసి యెఱుగరు. అతడున్న కాలమున జట్టు 1915, 1916, 1918 సంవత్సరములందు దేశవిజేత యయ్యెను. అట్టివానిని జట్టు యజమానియు, నాటకముల వ్యాపారియు నగు హారీ ఫ్రేజీ, 1919 డిసెంబరు చివర లక్ష డాలర్లకు న్యూయార్కు యాంకీల కమ్మివేసెను. సంతలో కోడెను అమ్మినట్లే! ఊరివారి నడిగినవారు లేరు.

పిదప 2004 వఱకు బోస్టన్ జట్టునకు ఆ గెలుపు మరల దక్కలేదు. ఇది రూత్ శాపమనిరి. 1990లో వెలువడిన యొక గ్రంథముచే ఆ మాట మిక్కిలి వ్యాపించెను. శాపమున్నచో శపించినవాడుండవలెను గదా! రూత్ ఎవరిని శపించెను?

ఈ కథకంటె 1934 ఆగస్టు 12వ నాటి సంగతి నాకు గొప్పదిగా దోచును. న్యూయార్కు పక్షమున రూత్ బోస్టనులో ఆడుట అదియే కడపటిసారి యని యెంచి, 46 వేలకు పైబడిన జనులు ఫెన్‌వే క్రీడాస్థలమున నిండిరి. చోటు చాలక వేలమంది వెలుపలనే నిలిచిపోయిరి. 1920 మొదలు తమకు ప్రతిపక్షమున నిలిచి యాడినవాడాతడు. అయినను అతడు ఆట విడిచి మఱలుచుండగా జనులు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరి.

మఱుసటి యేట అతడు బోస్టనునకే వచ్చెను. కాని బ్రేవ్స్ అను వేఱొక జట్టునకు.