పాట మనది, హక్కు ఎవరిది?

మాదాపూర్ శిల్పారామంలో గిరిజన బృందాలు ఆడే సాయంత్రం చూడండి. హైటెక్ సిటీ ఉద్యోగులు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తారు. రాత్రికల్లా అవి ఎక్కడెక్కడో తిరుగుతాయి. ఆడినవాళ్ల పేర్లు మాత్రం చాలాసార్లు ఉండవు. ఇది ఫోన్లతో వచ్చిన తంటా కాదు, పాతదే.

గోండుల గాథలు తోటి, పరధాన్ కళాకారుల నోట నిలిచాయి. పెర్సాపేన్ పూజల్లో కిక్రి వాయిస్తూ గోత్రాల పుట్టుకను పాడేది వాళ్లే. 1940లలో మార్లవాయిలో ఉన్న హైమన్‌డార్ఫ్ ఆ గాథలు రాసుకున్నారు. 1948లో లండన్‌లో పుస్తకం వచ్చింది. ఆయన మేలు మరువలేం. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ఆయన చొరవతోనే మొదలైంది. కానీ చట్టం లెక్క వేరు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆయన 1995లో మరణించారు. కాబట్టి ఆయన రాతపై హక్కు 2055 చివరిదాకా ఉంటుంది. తరతరాల గాథకు ఫలానా రచయిత అంటూ లేడు, అందుకే దానికి ఆ రక్షణ లేదు.

అమెరికాలో ఒకప్పటి బానిస కొడుకు, నల్లజాతి సంగీతకారుడు స్కాట్ జోప్లిన్ కథ దీనికి తిరగబడ్డది. చదువుకున్న ఒక అమ్మాయి తన జనానికి నాయకురాలవడం ఆయన సంగీత నాటకం 'ట్రీమోనిషా' కథ. 1911లో సొంత డబ్బుతో అచ్చు వేయించి, తన పేర కాపీరైట్ చేయించాడు. 1915లో హార్లెమ్‌లో తెరలు, అలంకరణ లేకుండా తానే పియానో వాయించి వినిపించాడు, ఆదరణ రాలేదు. 1917లో మరణించాడు. వాద్యబృందానికి రాసిన కాగితాలు పోయాయి. అచ్చు పుస్తకం మిగిలింది కనుకే 1972లో అట్లాంటాలో నాటకం పూర్తిగా ఆడారు. 1976లో ఆయనకు పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. ఆయనకు వేదిక దొరకలేదు గానీ పేరు, కాగితం నిలిచాయి. మనకు వేదికకు కొదవ లేదు, పేరే నిలవడం లేదు.

మనకూ చట్టంలో ఒక దారి ఉంది. 38వ సెక్షన్ పాడేవారికి, ఆడేవారికి తమ ప్రదర్శనపై 50 ఏళ్ల హక్కు ఇస్తుంది. వాళ్ల అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్ముకోకూడదు. సినిమాకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తర్వాత అడ్డుచెప్పలేరు, కానీ వ్యాపారంగా వాడితే రాయల్టీ అడగవచ్చు. కాబట్టి కాగితం చదవకుండా వేలిముద్ర వేయనీయకండి.

ఉపాధ్యాయులారా, ముందు పెద్దలను అడగండి. పూజలో తప్ప పాడకూడని పాటలు ఉంటాయి. వాళ్లు ఒప్పుకున్నవి పిల్లలతో రికార్డు చేయించండి. పాడినవారి పేరు, ఊరు, గోత్రం, తేదీ, వారి అనుమతి రాసి ఒక ప్రతిని బడిలో, ఒకటి వారి ఇంట్లో ఉంచండి. రేపు ఎవరైనా ఇది ఎవరి పాట అని అడిగితే, చూపడానికి ఆ పేజీ ఉంటుంది.