ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మరమ్మతు: ఇంటి దగ్గర ఎంతవరకు?

సోలాపూర్ నగరంలో హైదరాబాదు రోడ్డు వైపున ఉన్న విడీ ఘర్కుల్ పేరులోనే దాని కథ ఉన్నది. మరాఠీలో ‘విడీ’ అంటే బీడీ, ‘ఘర్కుల్’ అంటే చిన్న ఇల్లు. తెలంగాణ పల్లెల నుంచి తరతరాలుగా బ్రతుకు తెరువుకు సోలాపూర్ చేరిన తెలుగు కుటుంబాలలో స్త్రీలు బీడీలు చుట్టడం, పురుషులు సాంచాలపై దుప్పట్లు, తువాళ్ళు నేయడం వాడుక. యంత్రాన్ని సొంత చేతులతో విప్పి బాగుచేసుకునే అలవాటు ఇటువంటి ఇండ్లకు పాతది. సాంచా ఆగితే జాబర్ వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చునేవారు తక్కువ.

ఆ అలవాటు కారుకూ వర్తిస్తుందా అన్నది ప్రశ్న. 2014లో మారుతి సెలెరియోతో తక్కువ ధర కార్లలోకి ఆటోమేటిక్ గేర్లు ప్రవేశించాయి. అటువంటి కార్లు ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో సామాన్య కుటుంబాలకూ అందుతున్నాయి. కిరాయికి నడిపే కుటుంబానికి కారు ఆగితే సంపాదన ఆగుతుంది. గేర్‌బాక్స్ మొత్తం మార్చాలని మెకానిక్ ఒక్క మాట అంటే, పాత కారు విలువలో పెద్ద భాగం దానికే పోవచ్చు. ఇంట్లోనే విప్పితే డబ్బు మిగులుతుందన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. అందులో కొంత నిజం, కొంత ప్రమాదం ఉన్నాయి. రెంటినీ వేరుచేసి చూడవలసి ఉన్నది.

సాంచా తెలిసినవారికి గేర్ కొత్త కాదు

సాదా సాంచాలో పై షాఫ్టు రెండుసార్లు తిరిగితే క్రింది షాఫ్టు ఒక్కసారి తిరుగుతుంది. ఒక చక్రానికి ఉన్న పండ్లకు రెట్టింపు పండ్లు రెండవ చక్రానికి ఉండటమే కారణం. అంగుళానికి ఎన్ని పేక పోగులు పడాలో మార్చడానికి నేతగాడు ఒక పండ్ల చక్రం తీసి మరొకటి బిగిస్తాడు. కారు గేర్‌బాక్స్ చేసే పని కూడా ఇదే. బండి కదిలేటప్పుడు ఇంజను ఎక్కువసార్లు తిరిగి చక్రం తక్కువసార్లు తిరగాలి. వేగం వచ్చాక ఆ తేడా తగ్గాలి. మాన్యువల్ కారులో ఈ మార్పును డ్రైవరు క్లచ్ నొక్కి, గేర్ రాడ్డు కదిపి చేస్తాడు. ఆటోమేటిక్ కారులో ఆయిల్ ఒత్తిడి, విద్యుత్ వాల్వులు, ఒక చిన్న కంప్యూటర్ కలిసి చేస్తాయి.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఆయిల్ ద్వారా శక్తిని అందించే పద్ధతికి జర్మనీకి చెందిన హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందాడు. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1939లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్ల కోసం ‘హైడ్రామాటిక్’ గేర్‌బాక్స్‌ను విడుదల చేసింది. భారీ సంఖ్యలో తయారైన మొదటి పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అదే.

ముందు రకం తెలుసుకోవాలి

ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు క్రింద నాలుగు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి. ఒకదానికి చేసే వైద్యం మరొకదానికి పనికిరాదు.

*ఏఎంటీ:* ఇది లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ ప్లేటు కూడా మామూలుదే. క్లచ్ నొక్కి గేర్ మార్చే పనిని మాత్రం పైన బిగించిన యాక్చుయేటర్ చేస్తుంది. సెలెరియో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, టియాగో, క్విడ్ వంటి కార్ల ఆటోమేటిక్ రకాలలో ఇది కనిపిస్తుంది. ఈ రకంలో చాలా కార్ల గేర్ లీవరు వద్ద ‘పీ’ అక్షరం ఉండదు. అదే సులువైన గుర్తు.

*టార్క్ కన్వర్టర్ రకం:* ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటుకు బదులు ఆయిల్ నిండిన కన్వర్టర్ ఉంటుంది. దాని వెనుక గ్రహాల వలె ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే గేర్లు, పలు పలుచని క్లచ్ పలకలు, ఆయిల్ దారులతో నిండిన వాల్వ్ బాడీ ఉంటాయి. హ్యుందాయ్ ఐ10, మారుతి ఎర్టిగా, ఇన్నోవా క్రిస్టా ఆటోమేటిక్‌లలో ఉన్నది ఇదే.

*సీవీటీ:* ఇందులో మెట్లుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు తిరుగుతుంది. పుల్లీ వెడల్పు మారిన కొద్దీ నిష్పత్తి మారుతుంది. గేరు లేని స్కూటర్లలో రబ్బరు బెల్టు చేసే పనిని ఇక్కడ ఉక్కు బెల్టు చేస్తుంది. హాలండ్‌కు చెందిన డాఫ్ సంస్థ 1958లో రబ్బరు బెల్టుతో ఇటువంటి కారును ప్రదర్శించింది. మన దగ్గర హోండా సిటీ, అమేజ్ కార్లలో సీవీటీ వచ్చింది.

*డ్యూయల్ క్లచ్ రకం:* దీనికి రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ పోలో, హ్యుందాయ్ వెన్యూ కార్లలో కొన్ని రకాలకు ఇది ఉన్నది.

జబ్బు గుర్తులు

లీవరును ‘డీ’ లేక ‘ఆర్’లో పెట్టిన తరువాత బండి ఆలస్యంగా కదలడం, ఇంజను శబ్దం పెరిగినా వేగం పెరగకపోవడం, గేరు మారేటప్పుడు గట్టిగా కుదుపు, మాడిన వాసన, నేలపై ఆయిల్ మరక, డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం ముఖ్యమైన గుర్తులు. కొన్నిసార్లు బండి ఒకే గేరులో నిలిచిపోతుంది. అది కంప్యూటర్ తనంతట తాను తీసుకున్న రక్షణ చర్య కావచ్చు. గేర్లు విరిగాయని వెంటనే అనుకోనక్కరలేదు.

ఇంటి దగ్గర చేయదగిన పరీక్షలు

మొదట బ్యాటరీ చూడాలి. ఏఎంటీ కారులో బ్యాటరీ బలహీనమైతే గేర్లు పడకపోవచ్చు. ఇంజను ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.5 మధ్య ఉంటుంది. ఒక చిన్న మల్టీమీటరుతో ఈ పరీక్ష పూర్తవుతుంది.

తరువాత బ్రేకు దీపం వెలుగుతున్నదా అని చూడాలి. బ్రేకు నొక్కినట్లు స్విచ్ తెలపకపోతే అనేక ఆటోమేటిక్ కార్లలో లీవరు కదలదు, లేక గేరు పడదు. గేర్‌బాక్స్ పోయిందని భయపడిన చోట తప్పు ఈ స్విచ్‌దే కావచ్చు. బానెట్ తెరిచి గేర్‌బాక్స్‌కు వెళ్ళే వైర్లను, కనెక్టర్లను చూడాలి. వాడకుండా నిలిపి ఉంచిన బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే.

మూడవది కోడ్ చదవడం. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. స్టీరింగు క్రింది భాగంలో ఉండే సాకెట్టుకు చిన్న స్కానర్ తగిలిస్తే తప్పు సంఖ్య తెలుస్తుంది. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో తప్పు నమోదైనదని మాత్రమే అర్థం. పీ0730 గేరు నిష్పత్తి సరిపోవడం లేదని, పీ0740 కన్వర్టర్ లోపలి క్లచ్ వ్యవస్థలో లోపమని సూచిస్తాయి. చౌక స్కానర్లు మొదటి సంఖ్యను మాత్రమే చూపి ఊరుకోవచ్చు. అప్పుడు ఆ కంపెనీ కార్లను లోతుగా చదివే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు వెళ్ళాలి. కోడ్ చదివించకుండా గేర్‌బాక్స్ దించడానికి ఒప్పుకోరాదు.

ఆయిల్: సగం జబ్బులకు మూలం

టార్క్ కన్వర్టర్, సీవీటీ రకాలలో ఆయిల్ కేవలం జిడ్డు కోసం కాదు. శక్తిని మోసేది, వాల్వులను కదిపేది, వేడిని తీసేది అదే. సాధారణంగా ఇది 80-90 డిగ్రీల సెల్సియస్ వేడిలో పనిచేస్తుంది. 120 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే త్వరగా చెడిపోతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే సోలాపూర్ ఎండలో, నిండు బరువుతో, ఆగి ఆగి నడిచే బండికి ఈ ప్రమాదం ఎక్కువ. ‘జీవితాంతం మార్చనక్కరలేదు’ అన్న మాటను ఇటువంటి బండ్ల విషయంలో అక్షరాలా నమ్మరాదు. కఠినమైన వాడుకకు పుస్తకంలో వేరే గడువు ఇచ్చారేమో చూడాలి.

డిప్‌స్టిక్ ఉన్న కార్లలో కొలత తీయడం సులభం. అయితే కొన్ని కార్లలో ఇంజను నడుస్తుండగా, కొన్నింటిలో ఆపిన వెంటనే చూడాలి. కారు వెంట వచ్చిన పుస్తకమే ప్రమాణం. డిప్‌స్టిక్ లేని కార్లలో నిర్ణీత వేడి వద్ద క్రింది బోల్టు విప్పి కొలత చూడవలసి ఉంటుంది. ఇది అనుభవం లేనివారు చేయదగిన పని కాదు.

ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తే లోపలి క్లచ్ పలకలు కాలినట్లు అనుమానించాలి. అడుగు పళ్ళెంలోని అయస్కాంతానికి అంటిన సన్నని బూడిద రంగు ముద్ద సహజమైన అరుగుదలే. లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం బండి నడపరాదు.

ఆయిల్ మార్చేటప్పుడు మూడు నియమాలు పాటించాలి. ఒకటి, పుస్తకంలో చెప్పిన రకమే వాడాలి. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బెల్టు జారి పుల్లీలు పాడవుతాయి. రెండు, పాత ఆయిల్ మొత్తం బయటికి రాదు. చాలా భాగం కన్వర్టర్‌లో మిగిలిపోతుంది. కనుక బయటికి వచ్చినదానిని కొలిచి అంతే పోసి, తరువాత కొలత సరిచూడాలి. తక్కువైనా నష్టమే, ఎక్కువైనా నురుగు వచ్చి నష్టమే. మూడు, పాత ఆయిల్‌ను మురికి కాలువలో పోయరాదు. మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, వాడిన ఆయిల్ సేకరించేవారికి అప్పగించాలి.

యాక్చుయేటర్ ఆయిల్‌తో పనిచేసే ఏఎంటీలో గేర్లకు ఒక ఆయిల్, యాక్చుయేటర్‌కు వేరొక ఆయిల్ ఉంటాయి. ఒకదానిలో పోయవలసినది మరొకదానిలో పోయరాదు.

ఇంట్లో విప్పకూడనివి

వాల్వ్ బాడీలో వెంట్రుకవాసి తేడా కూడా పనికిరాదు. నేత ఇండ్లలో గాలిలో తేలే నూలు ధూళి ఒక్క పోగు చిక్కినా ఆయిల్ దారి మూసుకుపోగలదు. సాంచా మధ్య, బీడీ ఆకు మధ్య దానిని తెరవడం తెలిసి తెలిసి నష్టం తెచ్చుకోవడమే. సీవీటీ పుల్లీలకు, డ్యూయల్ క్లచ్‌కు ప్రత్యేక పనిముట్లు లేకుండా చేయి పెట్టరాదు.

ఏఎంటీ విషయం కొంత వేరు. క్లచ్ ప్లేటు మార్చడం మాన్యువల్ కారు పనికి దగ్గరగానే ఉంటుంది. స్థానిక మెకానిక్ చేయగలడు. అయితే కొత్త ప్లేటు వేసిన తరువాత స్కానర్‌తో దాని స్థానాన్ని కంప్యూటర్‌కు నేర్పించాలి. ఆ పని వదిలేస్తే కొత్త క్లచ్ కూడా కుదుపులు ఇస్తుంది.

గేర్‌బాక్స్ మార్చవలసి వస్తే

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బరువు చాలా కార్లలో ఒక మనిషి బరువుకు తక్కువ ఉండదు. దానిని దించడానికి గట్టి సిమెంటు నేల, నాలుగు స్టాండ్లు, గేర్‌బాక్స్ జాకీ, ఇంజనును పై నుంచి పట్టి ఉంచే ఏర్పాటు, ఇద్దరు తెలిసినవారు కావాలి. కారు వెంట వచ్చే జాకీ టైరు మార్చడానికి మాత్రమే. దానిని లేక పేర్చిన ఇటుకలను నమ్మి బండి క్రిందికి దూరితే ప్రాణం పోవచ్చు. పిల్లలు ఆడుకునే ఇరుకు సందు ఈ పనికి తగిన స్థలం కాదు. సాంచా దగ్గర వలెనే ఇక్కడా వేలాడే కొంగు, తువాలు, పంచె పనికిరావు.

పని వర్క్‌షాపులో చేయించినా, దగ్గరుండి చూసేవారికి ఈ క్రమం తెలిసి ఉండాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు ముందుగా తీయాలి. ఆయిల్ దించి, యాక్సిల్‌లు, వైర్లు, కూలర్ పైపులు విడదీయాలి. కన్వర్టర్‌ను ఇంజనుకు పట్టి ఉంచే బోల్టులు విప్పి, కన్వర్టర్‌ను గేర్‌బాక్స్‌తోనే దించాలి. తిరిగి బిగించేటప్పుడు కన్వర్టర్‌ను చేతితో త్రిప్పుతూ లోపలి పంపులో పూర్తిగా కూర్చునే వరకు నెట్టాలి. అది కూర్చోకముందే బోల్టులతో లాగి బిగిస్తే పంపు పగులుతుంది. కొత్త గేర్‌బాక్స్ కొన్న డబ్బు మొదటి రోజే వృథా అయ్యేది ఇక్కడే. పాత లోహపు రజను కూలర్‌లో మిగలకుండా కడగాలి, లేదా కూలర్ మార్చాలి. చివరగా సరైన ఆయిల్ నింపి, స్కానర్‌తో సర్దుబాటు చేయించాలి.

పాత గేర్‌బాక్స్ కొనేవారు మోడల్ పేరు ఒక్కటే చూడరాదు. గేర్‌బాక్స్ పైని కోడ్, ఇంజను రకం, తయారైన సంవత్సరం సరిపోవాలి. బిల్లు తప్పక తీసుకోవాలి. ఆర్సీలో ఇంజను, ఛాసిస్ సంఖ్యలే ఉంటాయి కనుక, గేర్‌బాక్స్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే కాగితం ఆ బిల్లు మాత్రమే.

రోడ్డుపై ఆగితే

సోలాపూర్ నుంచి నళదుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా హైదరాబాదు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారిపై బండి ఆగితే ట్రాక్టరుకు త్రాడు కట్టి లాగించడం పరిపాటి. టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లకు ఇది హానికరం. ఇంజను ఆగితే లోపలి ఆయిల్ పంపు ఆగుతుంది. చక్రాలు తిరుగుతుంటే గేర్లు ఆయిల్ లేకుండా అరుగుతాయి. బండిని లారీపై ఎక్కించి తేవాలి, లేదా ఇంజను శక్తి అందే చక్రాలు నేల తాకకుండా ఎత్తాలి. ఇటువంటి కార్లు తోసినా స్టార్టు కావు. జాతీయ రహదారిపై సహాయానికి 1033 నంబరుకు ఫోను చేయవచ్చు.

కొనేటప్పుడు, నడిపేటప్పుడు

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారును ఇంజను చల్లగా ఉన్నప్పుడే పరీక్షించాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే కొన్ని లోపాలు దాగుతాయి. బ్రేకు నొక్కి ఉంచి ‘ఆర్’లో, ‘డీ’లో పెట్టి చూస్తే ఒకటి రెండు సెకన్లలో గేరు పట్టాలి. తరువాత ఎండలో అరగంట నడిపి, వేడెక్కిన బండితో మళ్ళీ పరీక్షించాలి.

ఎత్తు మీద ఆగినప్పుడు యాక్సిలరేటరు నొక్కి బండిని నిలబెట్టరాదు. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ కార్లలో అది క్లచ్‌ను నేరుగా కాలుస్తుంది. బండి పూర్తిగా ఆగకముందు ‘డీ’ నుంచి ‘ఆర్’కు మార్చరాదు. నిలిపేటప్పుడు ముందు హ్యాండ్ బ్రేకు వేసి, తరువాతే ‘పీ’లో పెట్టాలి.

బ్యాటరీ, స్విచ్, వైరు, కోడ్, ఆయిల్ కొలత అనే ఐదింటినీ ఇంటి మనిషి శ్రద్ధగా చూడగలడు. ఇవి సరిగా ఉన్నాయని తేలాకే గేర్‌బాక్స్ దించే మాట రావాలి. దించే పని మాత్రం స్థలం, పనిముట్లు, నేర్పు ఉన్నవారిది. ఆ ఐదూ ముందుగా చూసుకున్న కుటుంబం వర్క్‌షాపులో సరైన ప్రశ్న అడగగలదు, అనవసరమైన ఖర్చు నుంచి తప్పించుకోగలదు.