బగ్దాదు పటం: కాలువల సాక్ష్యం

అబ్బాసీ ఖలీఫా మన్సూర్ హిజ్రీ 145 (క్రీ.శ. 762)లో దజ్లా నది పశ్చిమ తీరాన నిర్మించిన వర్తుల నగరం నేడు నేలపై కానరాదు. అయినా చరిత్ర గ్రంథాలలో దాని పటం ఉంటుంది. ఆ పటానికి ఆధారమేమిటి?

గై లె స్ట్రేంజ్ 1900లో వెలువరించిన గ్రంథంలోని పటాలకు ముఖ్యాధారాలు రెండు అరబీ రచనలు. యాఖూబీ హి. 278 (891)లో రచించిన ‘కితాబుల్ బుల్దాన్’ కూఫా, బస్రా, ఖురాసాన్, షామ్ ద్వారాల నుండి సాగే బాటల వెంట పేటలను పేర్కొన్నది. పదవ శతాబ్ది తొలి భాగానికి చెందిన ఇబ్ను సరాబియూన్ కాలువలను వర్ణించాడు. ఫురాత్ నీటిని తెచ్చే నహ్ర్ ఈసా నుండి సరాత్ ఎక్కడ చీలిందో, ఏ వంతెనల కింద పారిందో, దజ్లాలో ఎక్కడ కలిసిందో వరుసగా చెప్పాడు. బాటలు పడుగు, కాలువలు పేక. రెండూ కలిసిన చోట పేట ఉనికి తేలుతుంది.

ఈ అల్లికను నేలకు బిగించడానికి ఫెలిక్స్ జోన్స్, కాలింగ్‌వుడ్ 1853-54లో జరిపిన సర్వే తోడ్పడింది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి), ఇమామ్ మూసా కాజిమ్, మారూఫ్ కర్ఖీల సమాధులు హద్దురాళ్ళ వలె ఉపకరించాయి. కాని శతాబ్దాలలో నది తన దారి మార్చుకున్నది. కనుక వర్తుల నగరపు స్థానం కొలిచి తేల్చినది కాదు, ఊహించి నిర్ణయించినది. అందుకే ముస్తఫా జవాద్, అహ్మద్ సూసా 1958లోను, జాకబ్ లాస్నర్ 1970లోను ఈ స్థలవర్ణనను తిరిగి పరిశీలించారు.

పటంలో మరొక విషయం కూడా ఉన్నది. హి. 151లో తూర్పు తీరాన రుసాఫా వెలసింది, హి. 157లో అంగళ్ళు కర్ఖ్‌కు తరలాయి. నగరం గోడ దాటి పెరిగింది. ఆ పెరుగుదలకు ప్రాణాధారం కాలువ నీరే. బగ్దాదు పతనమంతా హి. 656 (1258) నాటి హులాగూ దండయాత్రకే ఆపాదించడం పరిపాటి. కాని హి. 326 (937)లోనే ఇబ్ను రాయిఖ్ శత్రువును అడ్డుకొనేందుకు నహ్రవాన్ కాలువకు గండి కొట్టించాడు. హి. 580 (1184)లో వచ్చిన ఇబ్ను జుబైర్ పశ్చిమ భాగం చాలావరకు పాడుబడినట్లు వ్రాశాడు.

హులాగూ చేసిన ఘోరం దీనివల్ల తగ్గిపోదు. అయితే అతడు రావడానికి ఎంతో ముందే స్వజనుల అంతఃకలహాలు, కాలువల పట్ల అశ్రద్ధ నగరాన్ని క్షీణింపజేశాయని ఈ పటం చదివినవారు గ్రహించక తప్పదు.