దరఖాస్తు గడుల చరిత్ర

పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు: ఒక్కొక్క వివరమునకు ఒక్కొక్క గడి. దరఖాస్తు పత్రము యొక్క స్వరూప మిదియే. కాగితముపై గడి చాలనిచో అక్షరములను చిన్నవి చేసి ఇరికింపవచ్చును, అంచున వ్రాయవచ్చును. కంప్యూటరు తెరపై ఆ వెసులుబాటు లేదు. గడిని తీర్చినవాడు ముందుగా తలచినంతయే మనకు లభించు చోటు. అందుచేత గడిని తీర్చు విద్యకు ఒక చరిత్ర ఏర్పడినది.

కార్డు నుండి తెరకు

1890 వ సంవత్సరపు అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలరిత్ చిల్లుల కార్డులను వాడెను. కార్డుపై ప్రతి వివరమునకు స్థానము నియతము. 1928 లో ఐ.బి.ఎం. సంస్థ 80 నిలువు వరుసల కార్డును తెచ్చెను. పేరునకు 20 వరుసలు కేటాయించినచో 21 వ అక్షరమునకు చోటు లేదు.

1995 లో వెలువడిన హెచ్.టి.ఎం.ఎల్. రెండవ ప్రమాణము వెబ్ పుటలలో పూరింపు గడులకు నియమములు ఏర్పరచెను. పుటల అలంకరణకై సి.ఎస్.ఎస్. అను శైలి భాష 1996 లో ప్రమాణమయ్యెను. కాని ఒక చిక్కు మిగిలినది. పుటలోని వాక్యములను బ్రౌజరు తానే చిత్రించును. గడులను మాత్రము తరచుగా కంప్యూటరు నిర్వాహక వ్యవస్థకు వదలెడిది. కనుక ఒకే పుటలోని గడి ఒక్కొక్క యంత్రముపై ఒక్కొక్క తీరున కనిపించెను. 2011 నాటి సి.ఎస్.ఎస్. 2.1 ప్రమాణము సైతము గడులకు ఏ లక్షణములు వర్తించునో తాను నిర్వచింపనని చెప్పినది.

మన నగరములో

హైదరాబాదు మాదాపురములో సైబర్ టవర్స్ భవనము 1998 నవంబరు 22 న ప్రారంభమయ్యెను. అదే సంవత్సరమున ఆంధ్ర ప్రదేశ్‌లో స్థిరాస్తుల రిజిస్ట్రేషను కంప్యూటర్లకు ఎక్కనారంభించినది. 2001 లో ఈ-సేవ కేంద్రములు, 2011 లో మీ-సేవ వచ్చినవి. ఆ కేంద్రములలో పౌరుడు చెప్పగా ఉద్యోగి గడులను నింపును. అతడు వాటికి అలవాటు పడినవాడు. నేడు పౌరుడు తన చేతి ఫోనుపై తానే నింపుచున్నాడు. ఆ నేర్పరి మధ్యలో లేనప్పుడు గడియే దారి చూపవలెను.

గడి వెడల్పు లెక్క

ఒక గడి వెడల్పు 200 బిందువులని వ్రాసితిమనుకొనుడు. లోపల ఇరువైపుల 10 బిందువుల ఖాళీయు, ఒక్కొక్క బిందువు మందము గల అంచులును ఉన్నవి. పాత నియమము ప్రకారము 200 అనునది లోపలి అక్షరముల చోటునకే చెందును. కావున మొత్తము 200 + 20 + 2 = 222 బిందువులు. గడి పక్కదానిలోనికి చొరబడును. అంచుల వరకు కలిపి 200 గానే లెక్కించు రెండవ పద్ధతి వచ్చిన తరువాత ఈ బాధ తగ్గినది. 2017 లో ప్రధాన బ్రౌజర్లన్నిటను ప్రవేశించిన గ్రిడ్ పద్ధతితో, గడులను అడ్డువరుసలు నిలువువరుసలుగా అమర్చుటయు, చిన్న తెరపై ఒకే వరుసగా మార్చుటయు సులభమైనవి.

తెలుగునకు గల ప్రత్యేక సమస్య

ఇంగ్లీషు అక్షరములకు క్రింద వత్తులు లేవు. మన ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకు పైన గుడిదీర్ఘము, క్రింద రెండు వత్తులు. ఇంగ్లీషును చూచి ఎత్తు బిగించిన గడిలో వత్తులు తెగిపోవును. అందుచేత ఎత్తును బిందువులలో బిగింపక, అక్షర పరిమాణమును బట్టి పెరుగనీయవలెను. పుటలోని అక్షరరూపము గడిలోనికి దానంతట అది రాదు; రావలెనని శైలి భాషలో వేరుగా చెప్పవలెను.

ఇంతకంటె పెద్ద చిక్కు పేరుది. మనలో ఇంటిపేరు ముందు వచ్చును. పింగళి వెంకయ్యగారి పేరులో పింగళి ఇంటిపేరు. ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అను పాశ్చాత్య గడులను అక్షరాలా పాటించినచో ఇంటిపేరు వ్యక్తి పేరగును, వ్యక్తి పేరు ఇంటిపేరగును. పదవ తరగతి పత్రములో ఒక తీరున, పాస్‌పోర్టులో మరియొక తీరున పడినచో, ఆ ఇరువురును ఒక్కరేనని నిరూపించు భారము విద్యార్థిపై పడును. ‘ఇంటిపేరు’, ‘వ్యక్తి పేరు’ అని గడికి స్పష్టముగా శీర్షిక పెట్టుట దీనికి మందు. ఆ శీర్షిక గడిలో మసకగా కనబడి, వ్రాయగానే మాయము కాక, గడికి పైన నిలిచి ఉండవలెను.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచో విద్యార్థులు రెండు పద్ధతులలోను 200 బిందువుల గడిని గీచి, ‘లక్ష్మి’ అని వ్రాసి చూడవచ్చును. ఏ గడిలో అక్షరము నిండుగా కనిపించునో అది మంచి గడి.